ఎకో, సిటీ, స్పోర్ట్: కారులో ఆ డయల్ తిప్పితే నిజంగా ఏం మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త బండి డెలివరీ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగాక షోరూం కుర్రాడు పక్క సీట్లో కూర్చుని అన్నీ చూపిస్తాడు. సన్‌రూఫ్‌కి మూడు నిమిషాలు, ఫోన్ కలపడానికి అయిదు. గేరు పక్కనున్న మోడ్ డయల్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "ఎకో పెడితే మైలేజీ, స్పోర్ట్ పెడితే పికప్ సార్." అది అబద్ధం కాదు, సగం నిజం. మా చుట్టాలూ ఆఫీసు వాళ్లూ నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఆ రెండో సగం గురించే.

స్పోర్ట్ మోడ్‌లో ఇంజన్ పవర్ పెరుగుతుందా?

చాలా పెట్రోలు, డీజిల్ కార్లలో పెరగదు. మీ పాదం చెప్పేదాన్ని కారు ఎలా వింటుందో అది మారుతుంది, అంతే.

పాత మారుతి 800లో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజన్ దాకా కేబుల్ ఉండేది. మీరు ఎంత తొక్కితే అక్కడ గాలి దారి అంత తెరుచుకునేది. ఇప్పటి కార్లలో ఆ కేబుల్ లేదు. పెడల్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది, పాదం ఎంత కిందికి దిగిందో కంప్యూటర్‌కి చెబుతుంది. ఎంత గాలి, ఎంత ఇంధనం పంపాలో తేల్చేది కంప్యూటరే. ఒక్కో మోడ్‌కి దాని దగ్గర ఒక్కో లెక్క ఉంటుంది. పెడల్ మూడో వంతు తొక్కారనుకోండి. ఎకోలో అయిదో వంతు బలమే ఇస్తుంది, స్పోర్ట్‌లో సగం ఇచ్చేస్తుంది. (ఈ అంకెలు ఉదాహరణకే, ప్రతి కారుకీ వేరుగా ఉంటాయి.) కొంచెం తొక్కగానే బండి ముందుకు దూకుతుంది కాబట్టి పవర్ పెరిగిందనిపిస్తుంది. పెడల్ చివరిదాకా తొక్కితే మాత్రం చాలా కార్లలో ఏ మోడ్‌లోనైనా వచ్చేది ఒకటే.

మినహాయింపులున్నాయి. ఎలక్ట్రిక్ కార్లలో ఎకో పెడితే పవర్‌కి నిజంగానే పరిమితి పెడతారు. కొన్ని టర్బో ఇంజన్లలోనూ ఎకోలో లాగే బలం కొంత తగ్గిస్తారు. మీ కారులో ఏం చేశారో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా పడున్న పుస్తకం అదే.

పెడల్ సంగతి సరే, ఇంకేం మారతాయి?

ఆటోమేటిక్ అయితే గేర్లు మారే వేళ మారుతుంది. ఎకోలో త్వరగా పై గేరుకి వెళ్లిపోతుంది, స్పోర్ట్‌లో అదే గేరుని ఎక్కువసేపు పట్టుకుంటుంది. నా లెక్కలో మోడ్ వల్ల వచ్చే నిజమైన తేడాలో పెద్ద వాటా దీనిదే.

స్టీరింగ్ ఇప్పుడు కరెంటు మోటారుతో తిరుగుతుంది కాబట్టి కొన్ని కార్లలో స్పోర్ట్ పెడితే అది బరువెక్కుతుంది. బరువెక్కితే పట్టు పెరిగినట్టు కాదు. మోటారు సాయం తగ్గించారు, అంతే. కొన్నిట్లో ఏసీ మెతకబడుతుంది. కొన్నిట్లో జారిపోకుండా కాపాడే ఈఎస్‌సీ స్పోర్ట్‌లో కాస్త ఆలస్యంగా కలగజేసుకుంటుంది. స్పీకర్లలోంచి ఇంజన్ గర్జన వినిపించే కార్లూ ఉన్నాయి. దాని మీద నా అభిప్రాయం రాయకపోవడమే మంచిది.

సస్పెన్షన్ మెత్తబడటం, గట్టిపడటం మాత్రం ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (కంప్యూటర్ మాట విని కుదుపుని అణిచే షాక్ అబ్జార్బర్లు) ఉన్న ఖరీదైన కార్లలోనే. పదీ పదిహేను లక్షల కారులో కంఫర్ట్ పెడితే గుంతలు తెలియవని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

టాటా నెక్సాన్‌లో ఎకో, సిటీ, స్పోర్ట్. హ్యుందాయ్ క్రెటాలో ఎకో, నార్మల్, స్పోర్ట్. టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో (పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉండే రకం) స్పోర్ట్ ఉండే చోట పవర్ అని ఉంటుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ700 డీజిల్ వాళ్లయితే జిప్, జ్యాప్, జూమ్ అని పెట్టారు. పిల్లలకి పెట్టిన ముద్దుపేర్లలా ఉంటాయి కానీ జిప్ మెతక, జ్యాప్ నడిమిది, జూమ్ దూకుడు. సొంతంగా కలుపుకోవడానికి కస్టమ్ కూడా ఇచ్చారు. ఆడిలో దూకుడు మోడ్ పేరు డైనమిక్. పేరేదైనా మూడు మెట్లే: మెతక, మామూలు, చురుకు. మంచు, బురద, ఇసుక మోడ్‌లు వేరే జాతి. వాటి గురించి కింద రాశాను.

ఇవి ఎప్పటినుంచి ఉన్నాయి?

కొత్తవేం కాదు. 1989లో వచ్చిన సిట్రోయెన్ ఎక్స్‌ఎమ్‌లోనే సస్పెన్షన్‌ని గట్టిపరిచే స్పోర్ట్ స్విచ్ ఉంది. 2004లో ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3కి టెర్రెయిన్ రెస్పాన్స్ అనే, నేలని బట్టి మోడ్ మార్చే డయల్ పెట్టారు. అదే ఏడాది ఫెరారీ ఎఫ్430 స్టీరింగ్ మీదికి మోడ్‌లు మార్చే ఎర్ర మీట వచ్చింది. మన దగ్గర సామాన్యుడి కారులోకి దీన్ని దించినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది 2014 నాటి టాటా జెస్ట్ పెట్రోలు. ఎకో, సిటీ, స్పోర్ట్ మూడూ అందులో ఉండేవి.

ఎకోలో మైలేజీ నిజంగా పెరుగుతుందా?

నడిపేవాళ్లని బట్టి ఉంటుంది. సిగ్నల్ పడగానే ఎగిరి, తర్వాతి సిగ్నల్ దగ్గర గట్టిగా బ్రేకు కొట్టే అలవాటు ఉంటే ఎకో మీ పాదాన్ని అదుపులో పెడుతుంది కాబట్టి ఊళ్లో తేడా కనిపిస్తుంది. మొదటినుంచీ మెత్తగా తొక్కేవాళ్లకి పెద్దగా ఏమీ మారదు. ఎకో చేసే పనిని వాళ్ల పాదం ముందే చేస్తోంది.

హైవే మీద ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఎకో చేయగలిగింది ఇంకా తక్కువ. అక్కడ ఇంధనం తాగేది గాలి. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 80 దగ్గర ఉన్న నిరోధంతో పోలిస్తే 100 దగ్గర అది 56 శాతం ఎక్కువ. అంటే విజయవాడ హైవే మీద ఎకో పెట్టి 110లో పోయేవాడి కన్నా, స్పోర్ట్ మర్చిపోయి 85లో పోయేవాడికే తక్కువ పెట్రోలు కాలే అవకాశం ఎక్కువ. టైర్లలో గాలి సరిగా ఉందో లేదో చూసుకోకుండా మోడ్ గురించి వాదించేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

ఎకో పెడితే ఏసీ చల్లగా రావడం లేదు. సర్వీసింగ్‌కి ఇవ్వాలా?

ముందు నార్మల్‌లో పెట్టి పది నిమిషాలు చూడండి. చాలా కార్లలో ఎకో ఏసీ కంప్రెసర్‌కి కూడా విశ్రాంతి ఇస్తుంది. మే నెలలో రెంటచింతల ఎండలో నిలబెట్టిన కారు ఎక్కి ఎకోలో చల్లదనం రాలేదంటే అది రోగం కాదు. కారు చల్లబడేదాకా నార్మల్‌లో ఉంచి, తర్వాత కావాలంటే ఎకోకి మారండి. నార్మల్‌లో కూడా చల్లగా రాకపోతే అప్పుడు గ్యాసు చూపించుకోవాలి.

ఎకోలో ఉండగా ఓవర్‌టేక్ చేయడం ప్రమాదమా?

ఎదురు వాహనాలు వచ్చే రెండు వరసల రోడ్డు మీద లారీని దాటాలంటే, అలవాటు లేనివాళ్లకి ప్రమాదమే. పెడల్ సగం తొక్కి బండి కదలడం లేదని కంగారు పడతారు. పెట్రోలు, డీజిల్ ఆటోమేటిక్‌లో పూర్తిగా తొక్కేస్తే గేరు తగ్గి బండి లాగుతుంది, కానీ ఆ క్షణం ఆలస్యం ఉంటుంది. అందుకే నేను లారీ వెనక చేరగానే, ఇంకా బయటికి రాకముందే నార్మల్‌కో స్పోర్ట్‌కో మారతాను. సగం దాటాక డయల్ వెతుక్కోవడం మంచి పని కాదు.

రోజూ స్పోర్ట్‌లో నడిపితే ఇంజన్ పాడవుతుందా? వారంటీ పోతుందా?

రెండూ లేవు. కంపెనీ పెట్టి ఇచ్చిన హద్దుల్లోనే ఇంజన్ తిరుగుతుంది. ఇంజన్ వేడెక్కకముందే పొద్దున్నే స్పోర్ట్ పెట్టి తొక్కడం ఒక్కటే తప్పు. అది ఏ మోడ్‌లోనైనా తప్పే. ట్రాఫిక్‌లో స్పోర్ట్ పెడితే బండి కుదుపులుగా నడుస్తుంది, వెనక సీట్లో కూర్చున్న అమ్మకి వాంతులవుతాయి. స్పోర్ట్ వల్ల నేను చూసిన నష్టం అదే.

తిరుమల, అరకు లాంటి ఘాట్ రోడ్ల మీద ఏ మోడ్?

ఎక్కేటప్పుడు ఆటోమేటిక్ అయితే స్పోర్ట్. ఎకోలోనో నార్మల్‌లోనో గేరుపెట్టె ప్రతి మలుపు తర్వాతా పై గేరుకి వెళ్లి, లాగలేక మళ్లీ కిందికి వస్తుంది. ఆ ఊగిసలాటకి కడుపులో తిప్పుతుంది. స్పోర్ట్ ఒకే గేరు పట్టుకుని నిదానంగా ఎక్కిస్తుంది. స్పోర్ట్ అంటే వేగంగా పోవడమే అనుకునేవాళ్లకి ఈ మాట వింతగా ఉంటుంది. మాన్యువల్ బండి అయితే రెండో గేరు మీ చేతిలోనే ఉంది, మోడ్ ఏదైనా పరవాలేదు.

దిగడం అసలు పరీక్ష. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దిగేది 1944లో తెరిచిన పాత మొదటి ఘాట్ రోడ్డు, వంపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్కడ బ్రేకుల కాలిన వాసన ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఆ వాసన వచ్చే బండ్లలో చాలావాటిని గేరు డీలో పెట్టి, కాలు బ్రేకు మీదే ఉంచి దింపుతారు. యాక్సిలరేటర్ వదలగానే చాలా ఆటోమేటిక్‌లు పై గేరుకి వెళ్లిపోతాయి, దాంతో ఇంజన్ పట్టి ఆపడం మానేస్తుంది. స్పోర్ట్‌లో అలా తొందరగా పైకి వెళ్లదు. అంతకన్నా మేలు స్టీరింగ్ వెనకుండే ప్యాడిల్ మీటతోనో, గేరు లివర్‌ని మాన్యువల్‌లోకి నెట్టో రెండో గేరులో ఉంచడం. టయోటా హైబ్రిడ్‌లో అయితే గేరు దగ్గర బి అని ఉంటుంది. అది బ్రేకులో బి అనుకోండి, గుర్తుంటుంది. కొండ దిగడానికే పెట్టారు.

ఎకో గురించి ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని కార్లలో, ముఖ్యంగా ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేరుపెట్టె రకాల్లో, ఎకోలో కాలు తీయగానే ఇంజన్‌ని చక్రాల నుంచి విడదీసి బండిని దానంతట దాన్ని దొర్లనిచ్చే పద్ధతి ఉంది. సమతలం మీద అది ఇంధనం ఆదా. దిగుడులో మీకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

న్యూట్రల్‌లో దింపితే పెట్రోలు మిగులుతుంది కదా?

మిగలదు. మా మామయ్య అంబాసిడర్ రోజుల్లో కార్బురేటర్ ఉన్నప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి, పెడల్ వదిలి దిగుతుంటే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోయాల్సి వస్తుంది. అంటే న్యూట్రల్‌లో పెట్రోలూ కాలుతుంది, బ్రేకులూ కాలతాయి.

ఎలక్ట్రిక్ కారులో మోడ్‌లు వేరేలా పనిచేస్తాయా?

అవును, ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి డ్రైవ్ మోడ్. ఎకో పవర్‌ని నిజంగా తగ్గిస్తుంది, స్పోర్ట్ పూర్తిగా ఇస్తుంది. రెండోది రీజెన్. కాలు తీయగానే మోటారు జనరేటర్‌గా మారి బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది. నెక్సాన్ ఈవీలో ఈ రీజెన్‌కి సున్నా నుంచి మూడు దాకా మెట్లుంటాయి, స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో మార్చుకోవచ్చు. ఊళ్లో మూడు బాగుంటుంది. హైవే మీద ఒకటో సున్నానో హాయి.

ఘాట్ రోడ్డు దిగేవాళ్లకి ఒక మాట. కొండ మీద వంద శాతం ఛార్జి పెట్టి దిగకండి. బ్యాటరీ నిండి ఉంటే వచ్చే కరెంటుకి చోటు ఉండదు, రీజెన్ తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది. కిందికి దిగే పనంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. నిన్నటిదాకా కాలు తీస్తే ఆగిన బండి ఇవాళ ఆగకపోయేసరికి మొదటి వంపులోనే గుండె ఝల్లుమంటుంది. ఎనభై శాతంతో బయలుదేరితే చాలు, దిగుతుంటే అదే కొంత నిండుతుంది.

హైబ్రిడ్‌లో ఈవీ బటన్ (ఇంజన్ ఆపి బ్యాటరీతోనే నడిపేది) నొక్కితే ఎంత దూరం పోతుంది?

కొద్దిగానే, అదీ తక్కువ వేగంలో. అందులో బ్యాటరీ చిన్నది. తెల్లవారుజామున చప్పుడు కాకుండా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి బయటపడటానికి పనికొస్తుంది. మిగతా వేళ బటన్ ముట్టుకోకండి, ఎప్పుడు ఇంజన్ ఆపాలో కారుకే బాగా తెలుసు.

మా కారులో స్నో, మడ్, సాండ్ ఉన్నాయి. అంటే అది 4x4 (నాలుగు చక్రాలకీ బలం వెళ్లే బండి) కదా?

కాకపోవచ్చు. ఈ ప్రశ్నకి నేను డబ్బు పెట్టి జవాబు నేర్చుకున్నాను.

రెండేళ్ల కిందట, కార్తీకంలో, వానలు ఇంకా పూర్తిగా తగ్గలేదు. గుంటూరు వైపు మా పొలానికి వెళ్లాం. నల్లరేగడి. గట్టు దగ్గరే ఆపమని బాబాయి అంటూనే ఉన్నాడు. "మడ్ మోడ్ ఉంది బాబాయ్" అని నేను లోపలికి దింపాను. ఇరవై గజాలు పోయిందో లేదో టైరు గాళ్లలో రేగడి నిండిపోయి నాలుగు టైర్లూ నున్నటి గుండ్రాళ్లలా తయారయ్యాయి. మోడ్ తన పని తాను చేస్తూనే ఉంది, కర్రుమని చప్పుడు కూడా వస్తోంది. బండి మాత్రం ఉన్నచోటే పొట్ట ఆనించి కూర్చుంది. పక్క చేను వాళ్ల ట్రాక్టరు వచ్చి లాగింది. బాబాయి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

జరిగింది ఇది. ముందు చక్రాలతో మాత్రమే నడిచే కారులో మడ్ మోడ్ ముఖ్యంగా చేసేది ఒకటే. ఒక చక్రం ఊరికే తిరిగిపోతుంటే దానికి బ్రేకు వేస్తుంది. అప్పుడు బలం రెండో చక్రానికి వెళ్తుంది. రెండో చక్రానికి పట్టు దొరికితే గట్టెక్కుతారు. రెండూ జారుతుంటే కంప్యూటర్ చేయగలిగింది ఏమీ లేదు. వెనక చక్రాలకి బలం పంపే ఏర్పాటు కారు కింద అసలు లేదు మరి. క్రెటా లాంటి కార్లలో ఉన్నవి ఈ రకం. అవి పనికిరానివి కావు. పెళ్లి పందిరి పక్కన తడిసిన గడ్డి మీద పార్కు చేసి బయటికి రావడానికి చక్కగా సరిపోతాయి.

నాలుగు చక్రాలకీ బలం వెళ్లే బండ్లలో, అంటే గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ లాంటి వాటిలో, అదే డయల్ ముందూ వెనకా బలం ఎలా పంచాలో కూడా తేలుస్తుంది. గ్రాండ్ విటారాలో ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ ఉంటాయి. ఇరుక్కున్నప్పుడు కావలసింది లాక్.

స్నో మోడ్ పెడల్‌ని మెతక చేస్తుంది, చాలా బండ్లలో రెండో గేరుతో కదులుతుంది, చక్రం జారనివ్వదు. సాండ్ దానికి తలకిందులు. ఇసుకలో చక్రం కాస్త ఊరికే తిరగాలి, పవర్ కోసేస్తే బండి అక్కడే పూడిపోతుంది. అందుకే సాండ్‌లో జారడాన్ని కొంత ఓర్చుకుంటుంది. సూర్యలంక బీచ్‌కి వెళ్లి స్నో పెట్టి ప్రయత్నించకండి. ఇసుకలో మోడ్ కన్నా ముందు టైర్ల గాలి తగ్గించాలి, రోడ్డెక్కాక మళ్లీ నింపుకోవాలి. దానికి చిన్న పంపు డిక్కీలో పెట్టుకోవడం మర్చిపోకండి.

భారీ వానలో హైవే మీద స్నో పెట్టొచ్చా?

కదిలేటప్పుడు చక్రం జారకుండా అది పనికొస్తుంది. నీళ్లు నిలిచిన చోట టైరు నీటి మీద తేలిపోతే ఏ మోడూ కాపాడదు. అప్పుడు కావలసినవి అరగని టైర్లు, తక్కువ వేగం. వానలో స్పోర్ట్ మాత్రం వద్దు. క్రూజ్ కంట్రోల్ కూడా తీసేయండి.

మాన్యువల్ గేరు బండిలో మోడ్‌ల వల్ల లాభం ఉందా?

పెడల్ వరకే. గేర్లు మీరే మారుస్తారు కాబట్టి మోడ్‌కి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఒకసారి నచ్చింది పెట్టుకుని మర్చిపోవచ్చు.

డీజిల్ కారు ఎప్పుడూ ఎకోలోనే నడిపితే ఏమైనా ఇబ్బందా?

ఎకో తప్పు కాదు, ఎకోతో వచ్చే అలవాటు తప్పు కావచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. మసిని పట్టి ఉంచి, బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. రోజూ ఇంటి నుంచి స్కూలుకి, స్కూలు నుంచి కూరగాయల మార్కెట్టుకి, తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) తిరిగే బండికి ఆ వేడి ఎప్పటికీ రాదు. మసి పేరుకుని డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. వెలగగానే టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తనక్కర్లేదు. ముందు మాన్యువల్ చూడండి. చాలా బండ్లకి హైవే మీద ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా, కాస్త ఎక్కువ ఆర్‌పీఎంలో నడపమని ఉంటుంది. ఆ రోజుకి స్పోర్ట్ పెడితే బండి కింది గేరులో ఉంటుంది, ఆర్‌పీఎం దానంతటదే పెరుగుతుంది.

నడుస్తుండగా మోడ్ మార్చొచ్చా? ఆపి స్టార్ట్ చేస్తే ఏ మోడ్‌లో ఉంటుంది?

ఎకో, నార్మల్, స్పోర్ట్ మధ్య నిక్షేపంగా మార్చొచ్చు, మలుపు మధ్యలో తప్ప. 4x4 బండ్లలో లో-రేంజ్ (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు) వేరు సంగతి, సాధారణంగా బండి ఆపి న్యూట్రల్ చేశాకే అది పడుతుంది. స్టార్ట్ చేసినప్పుడు చాలా కార్లు స్పోర్ట్‌ని మర్చిపోయి మామూలుకి వస్తాయి. ఎకోని గుర్తుపెట్టుకునేవీ, పెట్టుకోనివీ రెండు రకాలూ ఉన్నాయి.

మోడ్‌లున్నాయని పై వేరియంట్ కొనమంటున్నారు. కొనాలా?

మోడ్‌ల కోసమే అయితే వద్దు. ఆ డబ్బుకి ఎయిర్‌బ్యాగులో మంచి టైర్లో వస్తాయేమో చూడండి. టెస్ట్ డ్రైవ్‌లో ఒక పని చేయండి. ఖాళీ రోడ్డు మీద మూడో నాలుగో నిమిషాలు ఎకోలో నడిపి, పాదం కదపకుండా స్పోర్ట్‌కి తిప్పండి. బండి ఒక్కసారి ముందుకి ఒరిగితే పెడల్ లెక్క మారినట్టు. ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తే గేరు మారినట్టు. రెండూ జరగకుండా తెర మాత్రం ఎర్రబడితే, మీరు రంగు కోసం డబ్బు ఇస్తున్నట్టు.

ఇంట్లో ముగ్గురం ఒకే కారు నడుపుతాం. ఎవరి మోడ్ వాళ్లు పెట్టుకోవాలా?

తాళం తీసుకోగానే మీటర్ల మధ్యలో ఏ అక్షరం ఉందో చూడటం అలవాటు చేసుకోండి. మా ఇంట్లో నాన్న ఎకోలో వదిలేసేవారు, నేను చూడకుండా నేరుగా రోడ్డెక్కి "ఏంటి బండి లాగట్లేదు" అని పెట్రోలు బంకుని తిట్టుకునేవాణ్ణి. నాన్నకి ఎదురు జరిగేది. నేను వదిలిన స్పోర్ట్‌లో గేటు దగ్గర కాస్త తొక్కేసరికి తులసికోట దాకా దూకింది. కోటకి కొత్త సున్నం వేయించాం. అప్పటినుంచి ఎవరు దిగినా నార్మల్‌లో పెట్టి దిగాలని అమ్మ రూలు పెట్టింది.